మెట్లు లేని వాద్యానికి మొదటి అడుగు

“బేసిక్స్‌కి ఎవరైనా ఒకటేనండీ. నాలుగు వరుసలు వచ్చాక పెద్ద గురువు దగ్గర చేర్పిద్దాం.” పిల్లలకు ఫిడేలు నేర్పించాలనుకునే ఇళ్లలో మామూలుగా వినిపించే మాట ఇది. వినడానికి సబబుగానే ఉంటుంది. అక్షరాలు దిద్దించడానికి ఎమ్మే చదివిన పంతులుగారు ఎందుకు అన్నట్టుగా, సరళీ వరుసలకు విద్వాంసులెందుకు అనిపిస్తుంది. అందుకే మొదటి ఏడాది గురువును ఎంచేటప్పుడు ఇంటికి దగ్గరగా ఉన్నారా, ఫీజు ఎంత, సాయంత్రం ఖాళీ ఉందా అన్నవే చూస్తారు. వాద్యం కొనేటప్పుడు మాత్రం నాలుగు షాపులు తిరుగుతారు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా ఎదురైన మాట. ఫిడేలు విషయంలో గురువు అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది మొదటి ఏడాదిలోనే. వర్ణాలు, కృతులు వచ్చిన విద్యార్థి ఓ మోస్తరు గురువు దగ్గరైనా నెట్టుకొస్తాడు. కమాను పట్టుకోవడం కూడా తెలియని విద్యార్థికి మాత్రం దొరికినంతలో మంచి చెవి ఉన్న గురువే కావాలి. ఈ మాట పట్టుదలకొద్దీ అంటున్నది కాదు, ఆ వాద్యం తయారైన తీరే అలా అనిపిస్తుంది.

వీణకు మెట్లుంటాయి. 24 మెట్లను మేళం కట్టినవారు మైనం మీద సరిచూసి నిలబెడతారు. కొత్తగా నేర్చుకునేవారు తీగను మెట్టు మీద నొక్కితే చాలు, గమకం సంగతి తర్వాత, కనీసం స్వరస్థానమైనా దానంతట అది పలుకుతుంది. హార్మోనియంకు మెట్ల అవసరమూ లేదు, మీట నొక్కడమే. వేణువుకు రంధ్రాలున్నాయి. ఫిడేలుకు ఇవేవీ లేవు. నల్లటి నున్నటి ఫింగర్‌బోర్డు, దాని మీద నాలుగు తీగలు, అంతే. ఎక్కడ నొక్కితే ఏది పలుకుతుందో చెప్పే గుర్తు దాని ఒంటి మీద ఒక్కటీ ఉండదు. గొంతులాగా ఏ గమకాన్నైనా పలికించగలగడం ఫిడేలుకున్న గొప్ప. ఆ గొప్ప ఈ మెట్లు లేకపోవడం వల్లే వచ్చింది. కొత్తవారి కష్టమూ సరిగ్గా అక్కడినుంచే వచ్చింది. వీణ మీద మేళం కట్టినవారు చేసిపెట్టిన పనిని ఫిడేలు మీద విద్యార్థి చెవి ప్రతి స్వరానికీ కొత్తగా చేసుకోవాలి. ఆ చెవేమో ఇంకా తయారు కాలేదు.

దగ్గరగా చూద్దాం. మన పద్ధతిలో నాలుగు తీగలను స-ప-స-ప అని శ్రుతి చేస్తారు. మొదటి పాఠం మాయామాళవగౌళలో సరళీ వరుస. షడ్జం తీగను ఊరికే మోగిస్తే స. చూపుడువేలు పెడితే శుద్ధ రిషభం, మధ్యవేలు పెడితే అంతర గాంధారం, ఉంగరపు వేలు పెడితే శుద్ధ మధ్యమం. పక్క తీగ మీదికి వెళ్తే ప-ద-ని-స కూడా సరిగ్గా అవే వేళ్లకు, అవే ఎడాలకు దొరుకుతాయి. ఒక తీగ మీద పట్టు కుదిరితే రెండోది ఉచితంగా వచ్చినట్టే. పురందరదాసు నాటి నుంచి వస్తున్న ఈ రాగం ఫిడేలు చేతికి కూడా ఇంత చక్కగా అమరడం ఎప్పుడు చూసినా ముచ్చటగానే ఉంటుంది. ఇప్పుడు కొలతలు చూడండి. పెద్ద సైజు ఫిడేలులో మోగే తీగ పొడవు సుమారు 32.5 సెంటీమీటర్లు. తీగ మొదలు నుంచి రిషభానికి దూరం 2 సెంటీమీటర్లకు అటూ ఇటూ. రిషభం నుంచి గాంధారానికి ఒక్కసారిగా నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు సాగాలి. అక్కడినుంచి మధ్యమానికి సెంటీమీటరున్నరే. అంటే మొదటి రెండు వేళ్లు బాగా విడిపోవాలి, తర్వాతి రెండు దాదాపు ఆనుకోవాలి. గాంధారం దగ్గర వేలు 3 మిల్లీమీటర్లు జారితే శ్రుతి అర్ధస్వరంలో అయిదో వంతు తప్పుతుంది. అలవాటున్న చెవికి అది ముల్లులా గుచ్చుకుంటుంది. అలవాటు లేని చెవికి అసలు తెలియనే తెలియదు. పిల్లల చిన్న సైజు ఫిడేళ్లలో ఈ దూరాలు ఇంకా కుంచించుకుపోతాయి, అక్కడ జారుడుకు దొరికే సందు ఇంకా తక్కువ.

తెలియకపోవడం ఒక ఎత్తు, తప్పుకు అలవాటు పడటం మరో ఎత్తు. చెవి స్వభావం ఏమిటంటే, రోజూ విన్నదే దానికి సరైనదిగా స్థిరపడుతుంది. గాంధారం కాస్త దిగువన పలుకుతున్నా రోజుకు అరగంట చొప్పున మూడు నెలలు అదే వింటే, ఆ పిల్లకు అదే గాంధారం. తర్వాత ఎవరైనా సరైన గాంధారం వినిపిస్తే ఎక్కువైనట్టు, కటువుగా ఉన్నట్టు తోస్తుంది. పైగా వాయించేటప్పుడు మనసుకు ఒక్క పని కాదు. ఎడమచేతి వేళ్లు, కుడిచేతి కమాను, కాలితోనో పెదవులతోనో తాళం, కళ్ల ముందు పుస్తకం. ఇన్నింటి మధ్య వినడానికి మిగిలే శ్రద్ధ బహు కొంచెం. పక్కన కూర్చున్న గురువుకు ఉన్న పని మాత్రం ఒక్కటే, వినడం. మొదటి ఏడాది ఫీజు నిజానికి ఆ వినికిడికి ఇచ్చే ఫీజు. శిష్యుల చెవి తయారయ్యేదాకా గురువు తన చెవిని వారికి వాడుకోనిస్తారు. “ఎక్కించు, ఇంకాస్త, ఆ... అక్కడ ఆగు” అన్న నాలుగు మాటలు సమయానికి పడితే వేలు తన చోటు తెలుసుకుంటుంది. ఆ మాట మూడు నెలల తర్వాత పడితే, వేలు అప్పటికే వేరే చోట కాపురం పెట్టి ఉంటుంది. అక్కడినుంచి దాన్ని ఖాళీ చేయించడం కొత్తగా నేర్పడం కన్నా ఎంత కష్టమో ఏ ఫిడేలు మాస్టారిని అడిగినా చెబుతారు.

కుడిచేతి సంగతి ఇంతకన్నా లోతైనది. దాని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలకు రోజిన్ రాస్తాం కదా, ఆ జిగురుతో వెంట్రుక తీగను పట్టుకుని లాగుతుంది, తీగ తెంచుకుని వెనక్కి జారుతుంది, మళ్లీ చిక్కుతుంది. ఇలా సెకనుకు వందల సార్లు జరిగితేనే నాదం. ఈ పట్టు-విడుపులు క్రమంగా జరగాలంటే మూడు సంగతులు కలవాలి: చేతి బరువు, కమాను వేగం, బ్రిడ్జికి ఎంత దూరంలో తీగను తాకుతోంది అన్నది. బ్రిడ్జికి దగ్గరగా పోయి వేగంగా లాగితే కీచుమంటుంది. ఫింగర్‌బోర్డు వైపు జారిపోతే గాలి ఊదినట్టు బోలుగా వస్తుంది. కమాను బ్రిడ్జికి సమాంతరంగా నడవాలి. కానీ మోచేయి, మణికట్టు సహజంగా చేసేది విల్లులాంటి వంపు కదలిక. నిటారుగా లాగుతున్నాననే వాయించేవారికి అనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవారికి మాత్రం కమాను కొడవలిలా తిరగడం కనిపిస్తుంది. ఇది తన కంటితో తాను చూసుకోలేని తప్పు. అద్దం కొంత సాయపడుతుంది, కానీ అద్దం భుజం మీద చెయ్యి వేసి “ఇక్కడ బిగపట్టావమ్మా, వదులు” అని చెప్పదు. బిగుసుకున్న భుజంతో నేర్చుకున్న కమాను పదేళ్ల తర్వాత కూడా రెండో కాలంలో తడబడుతుంది. కారణం పదేళ్ల వెనక ఉంటుంది కాబట్టి దొరకదు.

ఈ వాద్యం మన సంగీతంలోకి వచ్చిన వైనమే ఈ వాదానికి మంచి సాక్ష్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) మద్రాసులో ఒక ఐరోపా ఉపాధ్యాయుడి దగ్గర ఫిడేలు నేర్చుకున్నారు. ఆ ఏర్పాటు చేసినది మణలి జమీందారుల కుటుంబం. ఆయనకు సంగీతం కొత్త కాదు. తండ్రి రామస్వామి దీక్షితులు వాగ్గేయకారుడు, ఇంట్లో పొద్దున లేస్తే వినిపించేది రాగమే. స్వరస్థానాలు, గమకాలు ఆయన చెవిలో ఎప్పుడో స్థిరపడ్డాయి. అయినా కూడా ఆ పరాయి వాద్యాన్ని పట్టుకోవడానికి, కమాను నడపడానికి ఆయన ఒక గురువు ముందు కూర్చున్నారు. తర్వాతే దాన్ని మన సంగీతానికి వంచి ఎట్టయాపురం ఆస్థానంలో విద్వాంసులయ్యారు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆయనకు చెవి ఇంటి నుంచి వచ్చింది, చేతి పట్టు గురువు నుంచి వచ్చింది. ఇవాళ అపార్ట్‌మెంటులో పుట్టి, సినిమా పాటలు తప్ప మరో సంగీతం చెవిన పడని పిల్లకు ఈ రెండూ గురువు నుంచే రావాలి. అంటే గురువు మీద భారం అప్పటికన్నా ఇప్పుడు రెట్టింపు. దాన్ని మనం “బేసిక్సే కదా” అని తేలిగ్గా తీసేస్తున్నాం.

తెలుగు నేల ఈ వాద్యానికి ఇచ్చిన అతి పెద్ద పేరు ద్వారం వెంకటస్వామి నాయుడుగారిది. 1893లో పుట్టిన ఆయనకు తొలి గురువు సొంత అన్నగారు వెంకటకృష్ణయ్య. తమ్ముడు వాయించే ప్రతి తప్పూ రోజూ ఇంట్లో వినే మనిషి అన్నమాట. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలై, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి అధ్యక్షులైనప్పుడు, నాయుడుగారు 26 ఏళ్ల వయసులో అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో తానే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఆయనకు దక్కింది. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, ఆ పొడవాటి నిండైన లాగుడును మన గమకానికి జోడించడం ఆయన ప్రత్యేకత. చూపు బాగా మందగించినా ఆయన నాదానికి ఏ లోటూ రాలేదు. ఫిడేలు కంటితో వాయించేది కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అదే కళాశాలలో 1940 ప్రాంతంలో చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు ద్వారం నరసింగరావు నాయుడుగారి దగ్గర గాత్రం, వయొలిన్ రెండూ నేర్చుకున్నారు. కృష్ణా తీరాన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర అన్నవరపు రామస్వామిగారు తయారయ్యారు. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. పంతులుగారి గురుపరంపర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, మానంబుచావడి వెంకటసుబ్బయ్యల మీదుగా నేరుగా త్యాగరాజు దాకా పోతుంది. ఈ వరుసలో ఎక్కడా “మొదట ఎవరి దగ్గరైనా సరే” అన్న దశ కనిపించదు.

దీనికి వెంటనే వచ్చే ఎదురు ప్రశ్న మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఫిడేలు ఆయనంతట ఆయనే పట్టారని అందరూ చెబుతారు. ఆయనకు గురువు అవసరం లేకపోతే మనకెందుకు? నిజమే, ఆయన ప్రతిభను ఏ కొలతలోనూ ఇరికించలేం. కానీ ఆయన ఫిడేలు ముట్టుకునే నాటికి ఏమేమి ఉన్నాయో చూడాలి. తండ్రి పట్టాభిరామయ్యగారు వాద్యకారులు, గాత్రానికి గురువు సాక్షాత్తు పారుపల్లి పంతులుగారు. తప్పు పడితే ఆయన చెవే ఆయన చెయ్యి పట్టుకునేది. అంటే ఆయనకు లేనిది ఫిడేలు మాస్టారే గాని, వినే చెవి కాదు. సొంతంగా నేర్చుకున్నవారి కథలను ఎక్కడ తరచి చూసినా ఈ గుట్టు బయటపడుతుంది. ముందే సిద్ధమైన చెవి ఒకటి ఆ ఇంట్లో ఉంటుంది. అలాంటి ఇల్లు ఉన్నవారు ఈ వ్యాసాన్ని పక్కన పెట్టేయవచ్చు. లేనివారికి ఆ ఉదాహరణ వర్తించదు.

రెండో ఎదురు ప్రశ్న యూట్యూబ్, ట్యూనర్ యాప్‌లు. ఇవాళ ఎంతో గొప్ప విద్వాంసుల వాదన ఇంట్లో కూర్చుని వినవచ్చు. పాఠాలకు కూడా కొదవ లేదు. ఇది నిజంగా వరమే, పాత తరం దీనికోసం ఊళ్లు దాటి వెళ్లేది. అయితే వీడియో చూపిస్తుంది, వినదు. మీ గాంధారం ఎలా ఉందో దానికి అక్కర్లేదు. ట్యూనర్ యాప్ వింటుంది కదా అంటారు. వింటుంది, కానీ చెప్పేది కంటికి. ముల్లు మధ్యలో నిలిచిందా లేదా అని చూస్తూ వేలు జరిపే విద్యార్థికి చెవి చేయాల్సిన పని కన్ను చేసిపెడుతోంది. ఫోను పక్కన పెట్టిన రోజు ఆ వేలు దిక్కు తోచక నిలబడుతుంది. ఇంకో సంగతి, ఆ ముల్లు కొలిచేది సప్తకాన్ని 12 సమాన భాగాలు చేసిన పాశ్చాత్య కొలత. మన రాగంలో స్వరం ఒక చుక్క దగ్గర నిలబడదు. తోడిలో గాంధారం, భైరవిలో నిషాదం ఊగుతూనే తమ రూపాన్ని చూపిస్తాయి. ఊగే స్వరం మీద ముల్లు నిలవనే నిలవదు. కాబట్టి యాప్‌ను ఖాళీ తీగలు శ్రుతి చేసుకోవడానికి వాడుకోవడం మంచిది, తంబురా కోసం పెట్టుకోవడం ఇంకా మంచిది. వేలుకు దారి చూపమని మాత్రం దాన్ని అడగవద్దు. ఫింగర్‌బోర్డు మీద అంటించే స్టిక్కర్లకూ ఇదే మాట వర్తిస్తుంది. మొదటి కొన్ని వారాలు సరే, ఆపైన ఊడదీయాలి.

“సాధన చేస్తే అదే వస్తుంది, 10,000 గంటలు చేస్తే ఎవరైనా విద్వాంసులే” అన్న మాట ఈ మధ్య బాగా వ్యాపించింది. దాని పుట్టుక ఫిడేలు దగ్గరే కాబట్టి కాస్త ఆగి చూడాలి. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 18 ఏళ్లు వచ్చేసరికి అత్యుత్తమ బృందం సగటున 7,410 గంటలు, రెండో బృందం 5,301, ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులు 3,420 గంటలు ఒంటరి సాధన చేసినట్టు లెక్క తేలింది. ప్రచారంలో గంటలే మిగిలాయి, ఆ పరిశోధకుల అసలు మాట జారిపోయింది. వారు చెప్పిన సాధన ఊరికే వాయించడం కాదు. లోపాన్ని గుర్తించి, దాన్ని సరిచేయడానికే గురువు ప్రత్యేకంగా ఇచ్చిన పనిని శ్రద్ధగా చేయడం. 2019లో బ్రూక్ మాక్‌నమారా, మేఘా మైత్రా ఇదే అధ్యయనాన్ని మళ్లీ జరిపితే అత్యుత్తములకూ వారి తర్వాతి వరుసకూ గంటల్లో తేడా కనిపించలేదు. అంటే ఒక స్థాయి దాటాక గంటలు కథంతా చెప్పవు. టెక్సస్‌లో రాబర్ట్ డ్యూక్ బృందం 2009లో ప్రచురించిన మరో పరిశీలన ఈ విషయాన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. 17 మంది పియానో విద్యార్థులకు ఒక చిన్న కష్టమైన భాగాన్ని ఇచ్చి సాధన చేయమన్నారు. మర్నాడు వాయింపించి చూశారు. ఎన్ని నిమిషాలు, ఎన్ని సార్లు చేశారన్నదానికీ మర్నాటి వాదన నాణ్యతకూ సంబంధం దొరకలేదు. తప్పు ఎక్కడుందో కచ్చితంగా పట్టుకుని, వేగం తగ్గించి, అది పోయేదాకా అక్కడే నిలబడినవారే ముందున్నారు. వారు పియానో మీద బాగా అనుభవం ఉన్నవారు, తప్పును తామే పట్టుకోగలిగారు. మెట్లు లేని వాద్యం మీద, మొదటి ఏడాదిలో, తప్పు ఎక్కడుందో ఎవరు చెప్పాలి?

ఇక్కడే గాత్రం సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే నా దృష్టిలో మంచి ఫిడేలు గురువుకు ఇది మొదటి గుర్తు. “మేం పాట నేర్చుకోవడానికి రాలేదండీ, వయొలిన్‌కి వచ్చాం” అని తల్లిదండ్రులు నొచ్చుకోవడం మామూలే. కానీ మన పద్ధతిలో ఫిడేలు గొంతు వెంట నడిచే వాద్యం. కచేరీలో పక్కవాద్యంగా గాయకుడి ప్రతి మెలికనూ క్షణంలో పట్టుకోవాలి. కృతి వాయించేటప్పుడు కమాను ఎక్కడ తిప్పాలో చెప్పేది సాహిత్యమే. పదాన్ని మధ్యలో విరిచేలా కమాను తిప్పితే అర్థం తెలిసిన చెవికి మాట నరికినట్టుంటుంది. ఇది తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చిన సౌలభ్యం. త్యాగరాజ కృతుల్లో అత్యధికం మన భాషలోవే. ఆ మాటల విరుపులు ఒక తమిళ విద్యార్థి నేర్చుకుని తెలుసుకోవాలి, మన పిల్లకు అమ్మ మాటలోనే ఉన్నాయి. ఇంకా ముఖ్యమైన సంగతి, పాడగలిగిన స్వరాన్ని వేలు వెతుక్కుంటుంది, పాడలేని స్వరాన్ని వేలు ఊహించలేదు. గొంతు బాగుండాల్సిన పని లేదు, శ్రుతి కలిస్తే చాలు. ప్రతి వరుసనూ ముందు పాడించి, తాళం వేయించి, ఆపైన కమాను పట్టించే గురువు దొరికితే క్లాసు నెమ్మదిగా సాగినట్టు కనిపించినా అక్కడే ఉండిపొండి.

గురువును ఎలా ఎంచుకోవాలన్నది అందరూ అడిగే ప్రశ్న. బిరుదులు, శాలువాలు, గోడ మీది ఫొటోలు కొత్త విద్యార్థి విషయంలో పెద్దగా ఏమీ చెప్పవు. అద్భుతంగా కచేరీ చేసేవారిలో కొందరికి ఆరేళ్ల పిల్ల తడబాటు వినే ఓపిక ఉండదు, అది వారి తప్పూ కాదు. పేరు లేని ఊళ్లో పేరు లేని మాస్టారు ఒకరు పాతిక మంది పిల్లల చేత శుభ్రంగా షడ్జం పలికిస్తూ ఉండవచ్చు. చూడాల్సింది కొత్త పిల్లల క్లాసు, అదీ అరగంట కూర్చుని. ముందుగా, పిల్లల ఫిడేళ్లను శ్రుతి చేయడానికి గురువు ఎంత సమయం ఇస్తున్నారు? బిరడలు తిప్పి, తంబురాతో కలిపి, తృప్తి పడ్డాకే పాఠం మొదలుపెడుతున్నారా, లేక దగ్గర దగ్గరగా ఉందిలే అని కానిస్తున్నారా? శ్రుతి కలవని ఫిడేలు మీద సరైన వేలు కూడా తప్పే పలుకుతుంది. తర్వాత, గురువు ఎంతసేపు తానూ వాయిస్తున్నారు? ఇది చాలామంది గమనించరు. విద్యార్థితో పాటు గురువు కూడా క్లాసంతా వాయిస్తూ పోతే వినడానికి నిండుగా ఉంటుంది, తల్లిదండ్రులకు ముచ్చటేస్తుంది. కానీ ఆ నిండు నాదం కింద పిల్ల తప్పు కప్పబడిపోతుంది, పిల్లకూ వినపడదు. వాయించి చూపించి, కమాను దించి, మౌనంగా వినే గురువు కావాలి. మూడోది, తప్పు పడినప్పుడు వరుస చివరిదాకా పోనిచ్చి “మళ్లీ వాయించు” అంటున్నారా, ఆ రిషభం దగ్గరే ఆపి ఆ ఒక్కదాన్నీ నాలుగు సార్లు సరిచేయిస్తున్నారా? గొంతెత్తకుండా, పిల్లను చిన్నబుచ్చకుండా ఈ పని చేస్తున్నారా అన్నది కూడా చూడాలి. భయపడిన పిల్ల భుజం బిగుస్తుంది, భుజం బిగిస్తే కమాను బిగుస్తుంది.

డబ్బు మాట కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. మంచి గురువు ఖరీదు, అందరికీ అందదు అనేవారి బాధ న్యాయమైనదే. అయితే ఉన్న డబ్బును ఎటు పెట్టాలన్నదే ఇక్కడ ప్రశ్న. చాలా ఇళ్లలో ఫిడేలు, పెట్టె, స్టాండు, పుస్తకాలు ఘనంగా కొని, ఫీజు దగ్గర బేరం ఆడతారు. దాన్ని తిరగేయండి. పిల్లలకు సైజు మారుతూనే ఉంటుంది. పదహారో వంతు, ఎనిమిదో వంతు, పావు, అర, ముప్పావు దాటి పెద్ద సైజుకు చేరేసరికి పదకొండు పన్నెండేళ్లు వస్తాయి. మధ్యలో కొన్నవన్నీ ఒకటి రెండేళ్ల ముచ్చటే. సీనియర్ల ఇళ్లలో అటకెక్కిన చిన్న ఫిడేలును అడిగి తెచ్చుకుని, బ్రిడ్జి, బిరడలు, తీగలు గురువు చేత సరిచూపించుకుంటే చాలు. చెయ్యి కొలిచి సైజు చెప్పేదీ ఆయనే కాబట్టి, గురువును చూసుకోకముందు వాద్యం కొనడం అసలు వరసే కాదు. వారానికి రెండు గంటల గుంపు క్లాసు కన్నా పావుగంట చొప్పున రెండు సార్లు ఒంటరి క్లాసు ఎక్కువ పని చేస్తుంది, మొదటి ఏడాదిలో మరీను. ఫీజు భారమైతే ఆ మేరకు నిడివి తగ్గించమని అడగడంలో తప్పు లేదు. ప్రభుత్వ, దేవస్థానం సంగీత కళాశాలల సంగతి మనవాళ్లు మరిచిపోయారు. విజయనగరం మహారాజా కళాశాల, విజయవాడ ఘంటసాల కళాశాల, హైదరాబాదులో త్యాగరాజ కళాశాల, సికింద్రాబాదులో భక్త రామదాసు కళాశాల, తిరుపతిలో ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. వీటిలో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. వీటి బోధకుల ఖాళీలు భర్తీ చేయమని ఏ ఊరివాళ్లు ఆ ఊరి ప్రజాప్రతినిధిని అడగవచ్చు, అడగాలి. రోడ్డు అడిగినంత సహజంగా అడగాలి.

ఊళ్లో ఫిడేలు గురువే లేరు, ఆన్‌లైన్ తప్ప దారి లేదు అన్నవారికి ఏం చెప్పాలి? డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్న తెలుగు కుటుంబాలదీ ఇదే పరిస్థితి. ఏమీ లేనిదానికన్నా అది వెయ్యి రెట్లు మేలు, కానీ దాని హద్దులు తెలిసి వాడుకోవాలి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. పైన చెప్పిన మౌనంగా వినే అలవాటుకు ఇది మేలే చేస్తుంది. వీడియో కాల్ యాప్‌లు ఎడతెగని నాదాన్ని రొద అనుకుని తగ్గించేస్తాయి. తంబురా మాయమవుతుంది, పొడవాటి కమాను మధ్యలో కృశిస్తుంది. సెట్టింగుల్లో ఆ వడపోతను ఆపి, అసలు శబ్దాన్ని పంపేలా మార్చుకోవాలి. కెమెరా ముఖానికి కాదు, కమాను, బ్రిడ్జి కనిపించేలా పక్కనుంచి పెట్టాలి. మొదటి రెండు మూడు నెలలు మాత్రం ఎలాగైనా ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి. సెలవుల్లో వచ్చి ఉన్నా సరే, దూరమైనా వారానికోసారి బస్సెక్కి వెళ్లినా సరే. చేతి పట్టు అక్కడే కుదరాలి, ఆ తర్వాత తెర మీద కొనసాగించవచ్చు. అమెరికాలో బడి ఆర్కెస్ట్రాలో చేరిన పిల్లలది మరో చిక్కు. అక్కడ భుజం మీద పట్టడం, ఇక్కడ బాసింపట్టు వేసుకుని ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించడం, అక్కడి శ్రుతి వేరు, ఇక్కడిది వేరు. రెండూ ఒకేసారి మొదలుపెట్టించడం కన్నా ఒకటి కుదురుకున్నాక రెండోది ఎత్తుకోవడం మంచిది. రెండూ వాయించేవారు ఉన్నారు, రెండూ వాళ్లకు ఒక్కరోజున రాలేదు.

నలభైల్లో, యాభైల్లో మొదలుపెట్టేవారికి కూడా ఈ వాదం అంతే వర్తిస్తుంది, కారణం మాత్రం వేరు. పిల్లల్లో చెవీ చెయ్యీ కలిసి పెరుగుతాయి. పెద్దల చెవి దశాబ్దాలుగా మంచి సంగీతం విని చేతికన్నా చాలా ముందుంటుంది. తాను పలికించే నాదం తనకే భరించరానిదిగా ఉంటుంది. ఆరు నెలల్లో చాలామంది మానేసేది వేళ్లు వంగక కాదు, ఈ బాధ ఓర్చుకోలేక. ఇది తప్పు కాదు, మీ చెవి బాగుందనడానికి గుర్తు అని చెప్పి నిలబెట్టగల గురువు వారికి కావాలి. అయితే అదే ముందున్న చెవి వారికి బలం కూడా. గురువు ఒకసారి చూపించిన తప్పును పెద్దలు ఇంట్లో తమంతట తాము పట్టుకోగలరు. రోజుకు 20 నిమిషాలైనా సరే, మానకుండా వాయిస్తే చాలు.

ఇంతగా గురువు మీద ఆధారపడితే శిష్యులు ఎప్పటికీ ఆ నీడలోనే ఉండిపోరా అన్న సందేహం మిగిలింది. నిజానికి జరిగేది దీనికి ఎదురు. మొదట్లో సరిగ్గా వినడం నేర్పిన గురువుకు రెండో ఏడాదికే ఆపాల్సిన చోట్లు తగ్గిపోతాయి. విద్యార్థి తానే ఆగి, నొసలు ముడిచి, వేలు సర్దుకుంటుంది. మొదట్లో వదిలేసిన శిష్యులకే పదేళ్ల తర్వాత కూడా ప్రతి కృతినీ ఎవరో ఒకరు చెయ్యి పట్టి వాయింపించాలి. దీనికి అడ్డుపడేది తొందర. ఆరు నెలలకు గీతం, ఏడాదికి వర్ణం, వార్షికోత్సవంలో ఒక అన్నమయ్య కీర్తన కావాలని అడిగేది తల్లిదండ్రులే, ఆ ఒత్తిడికి గురువులు లొంగుతున్నారు. పిల్లలు సరళీ వరుసలే ఎనిమిది నెలలు వాయిస్తున్నారంటే గురువును అనుమానించకండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. మూడు కాలాల్లో ఆ వరుసలు శ్రుతిలో నిలబడితే, మిగతావి ఎంత త్వరగా వస్తాయో మీరే చూస్తారు.

విజయదశమికి విద్య మొదలుపెట్టడం మనకు ఆనవాయితీ. ఆ రోజు వచ్చాక పుస్తకం, దక్షిణ పట్టుకుని వెతకడం మొదలుపెట్టకండి. నెల ముందే మీ ఊళ్లో, చుట్టుపక్కల ఉన్న ఇద్దరు ముగ్గురు గురువుల ఇళ్లకు వెళ్లి, అనుమతి అడిగి, కొత్త పిల్లల క్లాసులో ఒక మూల కూర్చుని వినండి. పెద్ద విద్యార్థుల వర్ణం కోసం కాదు, నిన్నగాక మొన్న చేరిన పిల్ల పలికే షడ్జం కోసం. ఉత్త చేతులతోనే వెళ్లండి. ఫిడేలు తర్వాత కొందురు గాని.